భూమి కంపించిన మొదటి గంటలో ఏ సమాచారాన్ని నమ్మాలి, దేన్ని ముందే సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: పటమట నివాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. పటమటలో పార్కింగ్ పైన ఐదు అంతస్తులున్న ఒక అపార్టుమెంటులో మేం ఉంటున్నాం. మొత్తం 40 కుటుంబాలు. ఈ ఏడాది నివాసుల సంఘం కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించారు. భూకంపం వస్తే ఏం చేయాలో ఒక పద్ధతి రాసి పెట్టమని మొన్నటి సమావేశంలో అడిగారు. దాని కోసం కూర్చున్నాక, నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు తెలంగాణలోని ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం మాకూ తెలిసింది. నేను వంటింట్లో మా అబ్బాయికి క్యారేజీ సర్దుతున్నాను. అటక మీద బోర్లించిన ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగడం మొదలుపెట్టాయి. పైఇంటివాళ్ళు ఏదో బరువు జరుపుతున్నారనుకుని తల ఎత్తి చూసేసరికి ఆగిపోయాయి. ఇంతలోనే మెట్ల మీద పరుగులు వినిపించాయి. పది నిమిషాల్లో భవనంలోని వాళ్ళలో చాలామందిమి కింద పార్కింగ్‌లో చేరాం.

నన్ను బాధపెడుతున్నవన్నీ ఆ తరువాత జరిగినవే. అరగంట తిరక్కుండానే మా వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. 9 గంటల 15 నిమిషాలకు ఇంతకంటే పెద్ద భూకంపం రాబోతోందని అధికారులు ప్రకటించారన్నది దాని సారాంశం. పంపినవారు చదువుకున్నవారే, మంచి మనసుతోనే పంపారు. ఆ మాట నమ్మి, మూడో అంతస్తులో ఉన్న 82 ఏళ్ళ పెద్దావిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టుకుని మెట్లు దింపారు. పసిపిల్లలతో సహా అందరం పది దాటేదాకా పార్కింగ్‌లోనే, పిల్లర్ల మధ్య కూర్చున్నాం. మరో విషయం పది గంటలకు పనిమనిషి వచ్చి చెబితేగాని మాకు తెలియలేదు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే, వినికిడి బాగా తగ్గిన ఒక పెద్దాయన ఇంట్లోనే నిద్రపోతూ ఉండిపోయారు. రెండున్నర గంటల పాటు 40 కుటుంబాలం ఒక్కచోట కూర్చుని కూడా, ఎవరు రాలేదో లెక్క చూసుకోలేదు.

నా సందేహాలు మూడు. మొదటిది, మన ప్రాంతానికి భూకంపాన్ని ముందుగా హెచ్చరించే ఏర్పాటు ఏదైనా ఉందా? ఉంటే అది ఎన్ని నిమిషాల ముందు చెబుతుంది? రెండోది, భూమి కంపించిన వెంటనే నిజమేమిటో తెలుసుకోవడానికి ఏ యాప్, ఏ వెబ్‌సైటు చూడాలి? మూడోది, ఫోన్లు పనిచేయని పరిస్థితి వస్తే మా దగ్గర ఏ సమాచారం సిద్ధంగా ఉండాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే దాన్నే మా పద్ధతిగా రాసి ప్రతి అంతస్తులోనూ అంటిస్తాను.

జవాబు 1: భూకంప పరిశీలన కేంద్రంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకరు, విజయవాడ

అమ్మా, మీరు పార్కింగ్‌లో కూర్చున్న సంగతి చదివి మనసు కలుక్కుమంది. దాని గురించి ఇంజనీర్లు చెబితే బాగుంటుంది. నేను భూకంప నమోదు యంత్రాల నిర్వహణలో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి మీ మొదటి రెండు సందేహాలకు జవాబు రాస్తాను.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల వాళ్ళం తుపానులతో పెరిగినవాళ్ళం. అల్పపీడనం ఏర్పడింది, వాయుగుండమైంది, బందరులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు, ఫలానా రోజు రాత్రి తీరం దాటుతుంది అని రోజుల ముందే వినడం మనకు అలవాటు. ఆ అలవాటు వల్ల, భూకంపానికి కూడా ఎక్కడో ఎవరో ఒక వేళ చెబుతారని మన మనసు ఎదురుచూస్తుంది. మీ గ్రూపులో వచ్చిన సందేశాన్ని అంతమంది నమ్మడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. తుపాను సముద్రం మీద కంటికి కనిపిస్తూ నడిచి వస్తుంది. భూకంపం కిలోమీటర్ల లోతున రాతిపొరల్లో పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా తెగడం వల్ల వస్తుంది. ఆ తెగే క్షణాన్ని ముందుగా చెప్పగల విద్య ఇంతవరకు ప్రపంచంలో ఏ దేశం దగ్గరా లేదు. కాబట్టి రాబోయే భూకంపానికి గంటా నిమిషమూ చెప్పే ఏ సందేశమైనా, దాని మీద ఏ సంస్థ పేరున్నా, అబద్ధమే. పెద్ద భూకంపం తరువాత చిన్న చిన్న ప్రకంపనలు వస్తూ ఉండవచ్చుననీ, అరుదుగా వాటిలో ఒకటి మొదటిదానికంటే పెద్దదీ కావచ్చుననీ శాస్త్రజ్ఞులు చెప్పగలరు. అది ఎప్పుడన్నది చెప్పలేరు.

ముందస్తు హెచ్చరిక అనేది దీనికి వేరు. అది భూకంపం పుట్టిన తరువాత, దాని కుదుపు మన దాకా చేరేలోగా ఇచ్చే హెచ్చరిక. భూకంపం పుట్టినప్పుడు రెండు రకాల తరంగాలు బయలుదేరుతాయి. ముందు వచ్చే పీ తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, దాని తాకిడి తక్కువ. వెనక వచ్చే ఎస్ తరంగం సెకనుకు సుమారు 3.5 కిలోమీటర్లు పోతుంది, గోడలను ఊపి పగలగొట్టేది ప్రధానంగా అదే. భూకంపం పుట్టినచోటుకు దగ్గరగా ఉన్న యంత్రం మొదటి తరంగాన్ని పట్టుకుని, రెండోది మనల్ని చేరేలోగా ఫోన్‌కు కబురు పంపగలిగితే మనకు కొన్ని సెకన్లు దొరుకుతాయి. ఉత్తరాఖండ్‌లో రూర్కీ ఐఐటీ అభివృద్ధి చేసిన ఇలాంటి వ్యవస్థ 2021 నుంచి మొబైల్ యాప్ ద్వారా ప్రజలకు అందుబాటులో ఉంది. మన దగ్గర ఈ పని చేసేది ఆండ్రాయిడ్ ఫోన్లలోని భూకంప హెచ్చరిక సదుపాయం. గూగుల్ దాన్ని 2023 సెప్టెంబరులో భారతదేశంలో ప్రవేశపెట్టింది. ఛార్జింగ్ పెట్టి కదలకుండా ఉంచిన ఫోన్లలోని కదలికను గుర్తించే పరికరాలే అందులో చిన్న భూకంప యంత్రాలుగా పనిచేస్తాయి. ఒకే ప్రాంతంలో అనేక ఫోన్లు ఒకేసారి కుదుపును గుర్తిస్తే, 4.5 లేదా అంతకు మించిన తీవ్రత ఉందని అంచనా వేసిన భూకంపాలకు చుట్టుపక్కల ఫోన్లకు హెచ్చరిక పోతుంది. మామూలు కుదుపు అయితే సాధారణ సందేశంలా వస్తుంది. బలమైన కుదుపు రాబోతుంటే ఫోన్ నిశ్శబ్దంగా పెట్టుకున్నా పెద్దగా మోగి, తెరంతా పరచుకుంటుంది. సెట్టింగ్స్‌లో భద్రత, అత్యవసరం అనే విభాగంలో ఇది ఆన్ చేసి ఉందో లేదో మీ 40 ఇళ్ళలోనూ ఒకసారి చూసుకోండి. దానికి లొకేషన్ ఆన్‌లో ఉండాలి, ఇంటర్నెట్ పనిచేస్తూ ఉండాలి.

ఎన్ని నిమిషాలు అని అడిగారు. నిమిషాలు కావు, సెకన్లే. 2024 నాటి ములుగు భూకంప కేంద్రం మనకు గాలిదారిలో 200 కిలోమీటర్లకు పైనే ఉంది. అంటే రెండో తరంగం విజయవాడ చేరడానికి ఇంచుమించు ఒక నిమిషం పడుతుంది. గుర్తించడానికీ కబురు పంపడానికీ పట్టే కాలం పోగా కొంత వ్యవధి మిగలవచ్చు. కానీ అంత దూరం నుంచి వచ్చేసరికి ఆ కుదుపు మీ ఇత్తడి గిన్నెలను మోగించేంతే మిగిలింది. 2020 జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక పులిచింతల పరిసరాల్లో 4.6 తీవ్రతతో ఒకటి వచ్చింది. గుంటూరు జిల్లాలో చాలామంది నిద్రలేచి వీధుల్లోకి వచ్చారు. పులిచింతల మనకు సుమారు 70 కిలోమీటర్లే కాబట్టి అక్కడి నుంచి రెండో తరంగం ఇంచుమించు 20 సెకన్లలో వచ్చేస్తుంది. అందులో హెచ్చరికకు మిగిలేది వేళ్ళ మీద లెక్కపెట్టగల సెకన్లే. ఇంకా దగ్గరలో పుడితే అసలేమీ మిగలదు. మనకు ఎక్కువ హాని చేయగలిగే భూకంపమే మనకు తక్కువ వ్యవధి ఇస్తుంది. ఈ సంగతి మీ సంఘంలో అందరికీ తెలియాలి. హెచ్చరిక మోగిందంటే మెట్లు దిగడానికి కాదు, రెండడుగుల్లో ఉన్న బల్ల కిందికి దూరడానికే వ్యవధి ఉందని అర్థం.

ఇక రెండో సందేహం. మన దేశంలో భూకంపాలను అధికారికంగా ప్రకటించేది ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం. అది భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. దాని వెబ్‌సైటులోనూ, ‘భూకంప్’ అనే యాప్‌లోనూ సమయం, స్థలం, లోతు, తీవ్రత కొన్ని నిమిషాల్లో వస్తాయి. ములుగు భూకంపానికి 5.3 తీవ్రత, 40 కిలోమీటర్ల లోతు అని చెప్పింది ఆ కేంద్రమే. రెండోమాటగా సరిచూసుకోవడానికి అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటు ఉంది. మొదట వచ్చిన అంకెకూ గంట తరువాత కనిపించే అంకెకూ కొద్ది తేడా ఉంటే కంగారుపడకండి. మొదటిది యంత్రం లెక్క, తరువాతిది మనిషి సరిచూసిన లెక్క.

టీవీలో వినిపించే ఆ ఒక్క అంకె మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పదు. గుడి మైకు ఒక్కటే అయినా పక్క ఇంట్లో చెవులు చిల్లులు పడతాయి, ఊరి చివర లీలగా వినిపిస్తుంది. భూకంప తీవ్రత మైకు శక్తి లాంటిది. మీ ఇల్లు ఎంత ఊగిందన్నది దూరాన్ని బట్టి, కింద ఉన్న నేలను బట్టి మారుతుంది. కృష్ణ మోసుకొచ్చిన మెత్తని ఒండ్రు మీద కట్టిన ఇంటికీ, గుణదల కొండరాతి మీద ఉన్న ఇంటికీ ఒకే కుదుపు ఉండదు. ఆ తేడాను పటంగా గీయడానికి అమెరికా సంస్థ ‘డిడ్ యూ ఫీల్ ఇట్’ అనే ప్రశ్నావళి నడుపుతోంది. ఏ దేశంవారైనా నింపవచ్చు. అటక మీద గిన్నెలు మోగాయి, పైకప్పుకు వేలాడే దీపం ఊగింది, గోడ బీటలు వారింది వంటివి మనం రాస్తే, యంత్రాలు లేనిచోట కుదుపు ఎంతో వాళ్ళకు తెలుస్తుంది. మీరు ఆ ఉదయం చూసిన గిన్నెలు కూడా శాస్త్రానికి పనికొచ్చే సమాచారమేనమ్మా. ఈసారి ఏదైనా తెలిస్తే, భద్రంగా ఉన్నామని తేల్చుకున్నాక ఆ ఐదు నిమిషాల పని చేయండి.

జవాబు 2: నిర్మాణ ఇంజనీరు, గుంటూరు

పై వివరణ చదివాక యంత్రాల విషయంలో నేను చేర్చవలసింది లేదు. పార్కింగ్ గురించి మాత్రం చెప్పాలి.

మీ భవనంలో బలహీనమైన అంతస్తు ఏదైనా ఉంటే, అది పార్కింగే అయ్యే అవకాశం ఎక్కువ. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలు నిండుగా ఉంటాయి కాబట్టి అవి బిగిసి ఒక పెట్టెలా కదులుతాయి. కింద గోడలు లేవు. కుదుపు భారమంతా ఆ కొద్ది పిల్లర్ల మీద పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి కింద ఖాళీ పార్కింగే ఉంది. అందుకే మీ పద్ధతిలో మొదటి వాక్యంగా ఇది రాయండి. కుదుపు ఉన్నంతసేపు ఎవరూ మెట్ల మీద పరుగెత్తకూడదు, లిఫ్టు ఎక్కకూడదు. గట్టి బల్ల కింద దూరి, తలను చేతులతో కప్పుకుని, బల్ల కాలు పట్టుకోవాలి. కుదుపు ఆగాక గ్యాస్ రెగ్యులేటరు కట్టేసి, చెప్పులు వేసుకుని, మెట్ల మీదుగా దిగి, పార్కింగ్‌లో నిలబడకుండా దాటి, భవనం ఎత్తుకు తగ్గనంత దూరంలో ఉన్న ఆరుబయట చేరాలి. కరెంటు తీగల కింద, ప్రహరీ గోడ పక్కన నిలబడకూడదు. మీకు దగ్గరలో ఉన్న పార్కో, బడి ఆటస్థలమో ఇప్పుడే ఎంచుకుని, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని రాసుకోండి. తాళం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, అవసరమైన రోజున అదే పెద్దదవుతుంది.

సమాచార సాధనం అంటే ఫోన్‌లో ఉండేదే అనుకోనక్కర్లేదు. మీ అపార్టుమెంటుకు సంబంధించి అన్నిటికంటే విలువైనది ఒక పాత ఫైలు. ఆమోదం పొందిన ప్లాను, పిల్లర్ల, బీముల ఇనుము వివరాలున్న నిర్మాణ డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక అందులో ఉండాలి. నేను ఇప్పటిదాకా పరిశీలించిన అపార్టుమెంట్లలో ఈ మూడూ సంఘం చేతిలో ఉన్నవి బహు తక్కువ. బిల్డరు దగ్గర, లేకపోతే డిజైను చేసిన ఇంజనీరు దగ్గర అడిగి నకళ్ళు తీసుకోండి. భూకంపాలను తట్టుకునేలా కట్టడాలను డిజైను చేయడానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1893 యొక్క 2016 ప్రతిలోని పటం ప్రకారం విజయవాడ, గుంటూరు మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. ఆ జోన్‌కు లెక్క కట్టి డిజైను చేశారా అన్నది ఆ డ్రాయింగుల్లోనే తెలుస్తుంది. పిల్లర్ల చుట్టూ కట్టే రింగులు ఎంత దగ్గరగా ఉన్నాయి, వాటి కొసలను 135 డిగ్రీల కోణంలో లోపలికి వంచారా లేక 90 డిగ్రీలకే వదిలేశారా అన్నది కూడా చూడాలి. కుదుపులో పైన అంటిన కాంక్రీటు రాలిపోయినప్పుడు 90 డిగ్రీల కొస తెరుచుకుంటుంది, నిలువు ఊచలు బయటికి ఉబుకుతాయి. 135 డిగ్రీలు వంచిన కొస లోపలి కాంక్రీటును పట్టుకుని ఉంటుంది. మేస్త్రీకి ఆ వంపు వేయడానికి పట్టే అదనపు శ్రమ ఒక్కో రింగుకు కొన్ని సెకన్లు మాత్రమే.

ఖర్చులేని పని ఇంకొకటి ఉంది. ఒక ఆదివారం పొద్దున పార్కింగ్‌లోని పిల్లర్లకు వరుసగా నంబర్లు వేసి, ఒక్కోదాన్ని నాలుగు వైపులా ఫొటో తీయండి. ఉన్న పగుళ్ళ పక్కన స్కేలు పెట్టి, తేదీ రాసిన కాగితం కూడా ఫొటోలో కనబడేలా తీయండి. రేపు భూమి కంపించాక అందరూ అడిగే మొదటి ప్రశ్న ఈ పగులు పాతదా, కొత్తదా అన్నదే. ఆ ఫొటోలు లేకపోతే నాలాంటి ఇంజనీరు కూడా అక్కడ నిలబడి ఊహించాల్సి వస్తుంది. గోడకూ బీముకూ కలిసేచోట వెంట్రుకవాసి గీత కనిపిస్తే చాలాసార్లు అది సిమెంటు పూతది మాత్రమే. పిల్లరు మీద ఏటవాలుగా పాకిన పగులు, కాంక్రీటు పెచ్చు లేచి ఇనుము కనబడటం, తలుపులు ఒక్కసారిగా బిగుసుకుపోవడం వంటివి కనిపిస్తే మాత్రం ఇంజనీరు చూసేదాకా ఎవరినీ లోపలికి పంపవద్దు. బయటి నుంచి చూసి భవనాలకు మార్కులు వేసే త్వరిత పరిశీలన పద్ధతి ఒకటి ఉంది, ఒక పూటలో అయిపోతుంది. అది వైద్యంలో జ్వరం చూడటం లాంటిది. అందులో తక్కువ మార్కులు వస్తే లోతైన పరీక్ష చేయించాలి.

అటక మీది ఇత్తడి గిన్నెలను కింది అరలోకి దించండి. మంచం తలవైపు బీరువా ఉంటే గోడకు బిగించండి.

జవాబు 3: అజిత్‌సింగ్‌నగర్ నివాసి, విజయవాడ

నాకు భూకంపం అనుభవం లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇళ్ళ మీదికి వచ్చినప్పటి అనుభవం ఉంది. మీ మూడో సందేహానికి అది పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

మొదటి రోజు సాయంత్రానికి కరెంటు లేదు. రెండో రోజుకు మా వీధిలో ఛార్జింగ్ ఉన్న ఫోన్లు మూడో నాలుగో మిగిలాయి. అప్పుడు తెలిసిందేమిటంటే, మా అమ్మగారి నంబరు తప్ప నాకు మరో నంబరు నోటికి రాదు. మా పక్కవీధిలో డయాలసిస్ చేయించుకునే ఒకాయన ఉన్నారు. ఆయన ఆసుపత్రి కాగితాలు, మందుల పేర్లు, తీసుకెళ్ళే కొడుకు నంబరు అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, ఫోన్ నీళ్ళలో తడిసిపోయింది. మేడ మీద నిలబడి మేం సాయం కోసం చేసిన ఒక ఫోన్‌లో ‘రామాలయం దగ్గర’ అని చెప్పాం. ఆ చుట్టుపక్కల రామాలయాలు ఒకటి కాదు. పడవ వేరే వీధికి వెళ్ళింది. పడవలోని వాళ్ళ తప్పు కాదు, మేం చెప్పిన చిరునామాది.

అందుకని మా వీధిలో ఇప్పుడు ఒక కాగితం పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కో ఇంటికి ఒక వరుస. ఇంట్లో రాత్రిపూట ఎంతమంది పడుకుంటారు, ఏ గదిలో, నడవలేనివారు, చూపు, వినికిడి లేనివారు ఎవరు, ఆక్సిజన్ యంత్రం, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఎవరికి ఉన్నాయి, ఊరి బయట ఉన్న ఒక బంధువు నంబరు ఏమిటి అన్నవి రాస్తాం. పగలు ఎంతమంది ఉంటారని కాకుండా రాత్రి ఎంతమంది ఉంటారని అడగడం ముఖ్యం. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో భూకంపం తెల్లవారుజామున నాలుగు గంటలకు కొద్దిగా ముందు వచ్చింది, జనం నిద్రలో ఉండగానే రాతిగోడల ఇళ్ళు కూలాయి. శిథిలాల్లో వెతికేవారికి మొదట కావలసింది ఎవరు ఏ గదిలో పడుకుంటారో తెలిసిన మనిషి. ఆ కాగితం మూడు నకళ్ళు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి పక్క అపార్టుమెంటు కార్యదర్శి దగ్గర ఉంచండి. మూడోది ఎందుకంటే, మీ భవనంలోకి మీరే వెళ్ళలేని పరిస్థితి రావచ్చు. ఇంటింటి ఆరోగ్య వివరాలు అందరి కంటా పడకుండా కవరు అతికించి ఉంచండి. మా వీధిలో ఒకరిద్దరు మొదట ఇవ్వడానికి ఇష్టపడలేదు, కవరు సంగతి చెప్పాక ఇచ్చారు.

అదే కాగితం పైభాగంలో భవనం పూర్తి చిరునామా, దగ్గరి మలుపు, ఫోన్ మ్యాపులో కనిపించే అక్షాంశ రేఖాంశాల అంకెలు పెద్ద అక్షరాలతో రాయండి. సాయం కోసం ఫోన్ చేసేటప్పుడు వరుసగా ఎక్కడ, ఎంతమంది, ఏ స్థితిలో, ఏ దారిన రావచ్చు అని చెప్పాలి. 112 అన్నిటికీ పనిచేస్తుంది, అంబులెన్సుకు 108. జిల్లా విపత్తుల కంట్రోల్ రూముకు 1077, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070. టవర్ల మీద ఒత్తిడి ఉన్నప్పుడు మాట కలవకపోయినా మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టరు ఒకటి కొని, మూడు నెలలకోసారి బ్యాటరీలు చూడండి. ఇంటర్నెట్ లేని ఆ రెండు రోజులూ మా వీధికి బయటి కబురు తెచ్చింది ఆకాశవాణి ఒక్కటే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్ కూడా పెట్టుకోండి. ప్రభుత్వ హెచ్చరికలు జిల్లాల వారీగా అందులో వస్తాయి, తుపానులకూ పిడుగులకూ ఎక్కువగా పనికొస్తుంది.

మనకు ఒక అదృష్టం ఉంది. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కార్యాలయం తాడేపల్లి మండలం కుంచనపల్లిలో ఉంది. అయినా ఊరంతా ఒకేసారి ఊగితే వాళ్ళు ఎన్ని చోట్లకని రాగలరు? మొదటి గంటల్లో చేయి అందించేది పక్కింటివాళ్ళే. 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచమంతటి నుంచి వేలమంది వాలంటీర్లు, ఎవరైనా వివరాలు చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఇంటర్నెట్ పటంలో అక్కడి దారులు, ఇళ్ళు గీసి ఇచ్చారు, సహాయక బృందాలు వాటిని వాడుకున్నాయి. మన వీధి పేర్లు, సందులు, బోర్లు, ఖాళీ స్థలాలు అందులో మనమే ఇప్పుడే చేర్చవచ్చు. మా అమ్మాయి తన కాలేజీ స్నేహితులతో కలిసి మా వార్డులో మొదలుపెట్టింది. ఒక్కో రామాలయాన్నీ విడివిడిగా, పక్క వీధి పేరుతో గుర్తించారు.

జవాబు 4: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, గుంటూరు

ఒక్క మాట. పిల్లలకు నోటితో చెబితే చాలదు. మా తరగతిలో నెలకోసారి గంట కొట్టి బెంచీల కిందికి దూరిస్తాం. మొదటిసారి అందరూ తలుపు వైపు పరుగెత్తారు. ఇప్పుడు గంట మోగగానే చేతులు తల మీదికి వెళ్తున్నాయి. పెద్దవాళ్ళకు కూడా ఒకటి రెండుసార్లు చేయించండి, ముఖ్యంగా ఇంట్లో ఎక్కువసేపు ఉండే అమ్మమ్మలకు, తాతయ్యలకు. వంగలేనివారు మంచం మీదే బోర్లా పడుకుని దిండుతో తల, మెడ కప్పుకోవాలని చెప్పండి.

తిరిగి పటమట నివాసి

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ రెండు చేతులా నమస్కారాలు. నిన్న సాయంత్రం సంఘం సమావేశంలో ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. పార్కింగ్ మాట దగ్గర గది నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు సందేశం పంపినవారే లేచి, ఇకమీదట భూకంపం గురించి గ్రూపులో జాతీయ కేంద్రం ప్రకటన తప్ప మరేదీ పెట్టకూడదనీ, దాన్ని కూడా ఒక్కరే పెట్టాలనీ ప్రతిపాదించారు. ఆ బాధ్యత రెండో అంతస్తులో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగినికి ఇచ్చాం. ఆవిడ ఊళ్ళో లేకపోతే నేను చూస్తాను.

కాగితం వరుసలు 31 ఇళ్ళ నుంచి వచ్చాయి. పిల్లర్ల ఫొటోలు వచ్చే ఆదివారం తీస్తున్నాం. డ్రాయింగుల కోసం బిల్డరును అడిగితే పది రోజులు గడువు కోరారు. ఇంజనీరు గారిని ఒకటి అడగాలి. కుదుపు తక్కువగా ఉండి, పిల్లర్ల మీద ఏమీ కనబడకపోతే ఎంతసేపు బయట ఉండాలి? మా పెద్దవాళ్ళు ఎండలో ఎక్కువసేపు కూర్చోలేరు.

నిర్మాణ ఇంజనీరు, గుంటూరు

గడియారం చూసి చెప్పే లెక్క లేదమ్మా. జాతీయ కేంద్రం ప్రకటన చూడండి. దూరంగా, ఓ మోస్తరు తీవ్రతతో వచ్చిందని తేలాక, ముందుగా ఇద్దరు మనుషులు పార్కింగ్ పిల్లర్లను పాత ఫొటోలతో పోల్చి చూడాలి. ఆ తరువాత మెట్లు, పైన నీళ్ళ ట్యాంకు దిమ్మె, గ్యాస్ వాసన చూసుకుని, తేడా లేదనుకుంటే లోపలికి వెళ్ళవచ్చు. ములుగు నాటి కుదుపులాంటిదైతే ఈ పనంతా అరగంటలో అవుతుంది. పోల్చి చూసే ఆ ఇద్దరి పేర్లు కూడా మీ కాగితంలో రాయండి. లిఫ్టును మాత్రం మెకానిక్ చూశాకే వాడండి. పెద్దవాళ్ళ కోసం నాలుగు మడత కుర్చీలు, ఒక టార్పాలిన్, నీళ్ళ క్యాను వాచ్‌మన్ గదిలో కాకుండా ప్రహరీ గేటు దగ్గర ఒక పెట్టెలో ఉంచండి.

తిరిగి పటమట నివాసి

అలాగేనండీ, రాసుకున్నాను. నాలుగో అంతస్తు పెద్దాయన దగ్గరికి ఈ ఉదయం వెళ్ళాను. ఆ రోజు జరిగింది ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదట. కాలింగ్ బెల్లుతో పాటు వెలిగే దీపం ఒకటి పడకగదిలో పెట్టించడానికీ, రెండో తాళంచెవి ఎదురింట్లో ఉంచడానికీ ఆయన ఒప్పుకున్నారు. కాగితంలో తన వరుసను తానే నింపి ఇచ్చారు. రాత్రి పడుకునే గది దగ్గర ‘తూర్పు వైపు గది, కిటికీ పక్క మంచం’ అని రాశారు.